మేకులు దిగిన దేవర

దగ్గరికి జరగండి నాయనలారా, ఆ స్తంభం చాటున కూర్చున్నవాళ్ళు కూడా ఇటు రండి. గొంతు తగ్గించి చెప్పాల్సిన చోట్లు ఈ ఘట్టంలో చాలా ఉన్నాయి. మనం ఇప్పుడు పోబోయే పట్నంలో చూరు మీద పిట్టలు కూడా మనిషి మాటను పట్టుకుని, పోయి ఒప్పజెప్పేవి మరి.

వైడూర్యగిరి యువరాజు కేయూరుడు పొత్తిళ్ళలో ఉండగానే రాజ్యం శత్రువుల పాలైంది. గొర్రెల కాపరి బయ్యన్న ఆ పసివాణ్ణి గొంగట్లో చుట్టుకుని కొండలెక్కి, మేకపాలు పోసి పెంచాడు. బయ్యన్నది ఒక వింత భక్తి. గుడి లేదు, బొమ్మ లేదు. ఆకాశం పరిచినవాడొకడున్నాడని, వాడు అందరి లెక్కా చూస్తాడని అనేవాడు, అంతే. ఒకనాడు మంద మేపుతున్నవాడు మేపుతున్నట్టే కర్ర కింద పెట్టి, "నన్ను కాంస్యపురం పొమ్మంటాండాడు అబ్బీ. పోయి చెప్పొస్తా" అని దిగిపోయాడు. పోయినవాడు తిరిగి రాలేదు. ఆ ఊరి సంతలో నిలబడి అనరాని మాటలన్నాడని, అతణ్ణి ఎండిన బావిలోకి దింపారని కొండకు కబురు వచ్చింది. మర్నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఆ ఊరి దేవర ముందు నిలబెడతారట. దేవర తల వంచితే నేరస్థుడని లెక్క. వెంటనే కొలిమిలో వేస్తారు.

కేయూరుడు కత్తిని చింతపండు బుట్ట అడుగున దాచి, తలగుడ్డ కనుబొమల మీదికి లాక్కుని, తెల్లవారుతూనే ఆ ఊరి కోటవాకిలి గవని ముందు నిలబడ్డాడు.

ఏం చెప్పను ఆ పట్నం సొగసు. ఇళ్ళ కప్పులన్నీ కంచు రేకులు. పొద్దు పొడిస్తే చాలు, ఊరంతా కరిగిన బంగారంలా తళతళలాడుతుంది. వీధులకు ఇరువైపులా ఇత్తడి దీపపు సెమ్మెలు, ఒక్కో సెమ్మె కొమ్మకు గుత్తులుగా ఇత్తడి పువ్వులు, ఆ పువ్వుల మీద ఇత్తడి గొరవంకలు. గాలికి రెక్కలు టకటకలాడిస్తూ, మెడలు అటూ ఇటూ తిప్పుతూ ఉంటాయి. చూసేవాడికి ముచ్చటగా ఉంటుంది కానీ అవి మాంత్రికుడు ధూమజంఘుడు పోతపోసి ఊపిరి ఊదిన పిట్టలు. విన్న మాటను విన్నట్టు వాడి చెవిలో పడేస్తాయి.

ఆ ఊళ్ళో ఇళ్ళకు తలుపులు లేవు. దాచుకునేది ఏదో ఉందని పక్కింటివాడు అనుకుంటాడేమోనని అందరూ ఊడదీసేశారు. కుండల మీద మూతలు లేవు. వీధి వైపు తిరిగి కూర్చుని తింటారు, వీధిలో పోయేవాడు ముద్ద ముద్దా చూస్తాడు.

"ఏమప్పా, యాడిది ఈ చింతపండు?" అన్నాడు గవని కాపలావాడు, బుట్టలో చెయ్యి పెట్టి.

"కొండ కింద పల్లెది. దేవరను తోమేదానికి పంపినారు."

"పులుపు ఉండాదా?"

"నోట్లో వేసుకుని చూడు."

కాపలావాడు వేసుకోలేదు. దేవర వస్తువు ఎంగిలి చేశాడని ఎవడైనా చెబుతాడని వాడి భయం వాడిది. మొలలో సంచి తీసి ఒక మేకు కేయూరుడి చేతిలో పెట్టాడు. "లోపలికొచ్చినోడు ఎవుడైనా దేవర కాళ్ళ దగ్గర ఒక మేకు కొట్టాల. నిటారుగా దిగితే మంచోడివి. వంగిందనుకో, మావోళ్ళు నిన్ను పక్కకు పిలుస్తారు."

"దేవర కాళ్ళ దగ్గర మేకు దేనికి?"

ఆ మాట అన్న తరువాత కేయూరుడు నాలుక కరుచుకున్నాడు. కాపలావాడి కళ్ళు చిన్నవయ్యాయి. సెమ్మె మీద గొరవంక మెడ తిప్పింది.

"పోకుండా," అన్నాడు కాపలావాడు మెల్లగా. "యాడికీ పోకుండా."

కారణం ఉంది నాయనా. వెనక ఆ ఊరికి పెద్ద కరువు వచ్చింది. మా దేవుడు అలిగి ఊరు విడిచి పోయాడని జనం ఏడ్చారు. ఆ ఏడుపు విని ధూమజంఘుడు వచ్చాడు. ఆడవాళ్ళ గాజులు, రైతుల నాగలి కర్రులు, పిల్లల మొలతాళ్ళ మువ్వలు కరిగించి తాటిచెట్టంత విగ్రహాన్ని పోత పోశాడు. అచలదేవర అని పేరు పెట్టాడు. మళ్ళీ పోతే ఏం చేద్దామని జనం అడిగితే, కాళ్ళకు మేకులు కొట్టుకోండి అన్నాడు. రాతి గద్దెకు మేకు దిగదు కాబట్టి దుంగలతో గద్దె కట్టించాడు. నాటి నుంచి పుట్టినవాడికొక మేకు, పెళ్ళికొక మేకు, పంటకొక మేకు. ఆ ఊరి భక్తి అంతా సుత్తితోనే.

గుడి ముంగిట్లోకి అడుగు పెట్టిన కేయూరుడు తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. అచలదేవర కెంపు కళ్ళు, వెండి తొడుగుల పెదవులు, మోకాళ్ళ దాకా వేలాడే ముత్యాల కిరీటం కుచ్చులు, ఏనుగును పిడికిట పట్టేంత చేతులు. ఆ వైభవమంతా పైన. కింద చూస్తే కాళ్ళు కనబడవు. మేకుల తలలు, మేకుల తలలు, తుప్పు పట్టినవి, కొత్తవి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ముళ్ళపందిలా ఉంది గద్దె. దాని చుట్టూ ఆ పొద్దు ఊరంతా మూగింది. ముసలి బయ్యన్న సంతలో "ఇది నిలబడదు" అని అరిచాడు కదా, ఎవడి గుండె వాడికి కొట్టుకుంటోంది. ఒక మేకు చూపించి కొట్టి, రెండోది కొంగు చాటున ఎవరూ చూడకుండా కొట్టి పోతున్నారు. ప్రతివాడూ "హుం" అని మూలిగి, చెమట తుడుచుకుంటున్నాడు.

కేయూరుడు వంగి సుత్తి ఎత్తాడు. దెబ్బ వేశాడో లేదో, మేకు పండిన పనసలోకి దిగినట్టు తలదాకా దిగిపోయింది.

"మూలుగు," అని పక్క నుంచి ఒక ఆడగొంతు వినబడింది. పెదవులు కదలలేదు. "చెక్క గట్టిగా ఉన్నట్టు మూలుగు. ఈడ అందరూ అట్లే చేస్తారు."

అతను మూలిగాడు. రెండోసారి ఉత్త సుత్తితో కొట్టి, చేతులు నొప్పి పుట్టినట్టు విదిలించాడు కూడా.

ఆమె పేరు వకుళ. దేవరను తోమే పని ఆమెది. బుట్ట చూసి, "చింతపండు ఇటు తే" అని అందరికీ వినబడేట్టు కసిరి, గద్దె వెనక చిన్న వాకిట్లోకి తీసుకుపోయింది. దుంగల కింద మనిషి పాకేంత చోటుంది. ఇద్దరూ అందులో దూరారు.

"నువ్వు కొండ ముసలాయన మనిషివి కద," అంది.

కేయూరుడి చెయ్యి బుట్ట అడుగుకు పోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"దేవర ఎదుట నిలబడి ఎవురైనా మొదట మొఖం చూస్తారు. నువ్వు బావి యాడుండాదో వెతికినావు."

మాట బాగానే ఉంది. మరీ బాగానే ఉందే అనిపించింది కేయూరుడికి. దారినపోయే వాణ్ణి పిలిచి గుట్టు చెప్పే ఆడది ఈ ఊళ్ళో ఎందుకుంటుంది? ఆమె తోసిన మూలకు అతను పోలేదు, ఆమెనే ముందు పొమ్మన్నాడు. ఆమె నవ్వి ముందు పోయింది. ఆ నవ్వు కూడా అతనికి నచ్చలేదు.

"లోపల ఎందరున్నారు?" అన్నాడు విగ్రహం వైపు చూపించి. పొట్టలో ఎవడో కూర్చుని తాడు లాగితే తల వంగుతుందని కొండ మీది నుంచే లెక్క కట్టుకుని వచ్చాడు.

"కొట్టి చూడు."

దుంగల సందులో నుంచి చెయ్యి పెట్టి విగ్రహాన్ని పిడికిలితో తట్టాడు. ఖాళీ బానలా మోగింది. మనిషి లేడు, తాడు లేదు, ఎలుక కూడా లేదు. దేవుడు ఉండడని తెలిసే వచ్చాడు, మోసగాడు కూడా లేకపోయేసరికి నమ్మలేక ఇంకోసారి తట్టి చూశాడు.

"మరి తల ఎలా వంగుతుంది?"

"ఇదిగో, ముందరి పలక." ఆమె నెత్తి మీది చెక్కను చూపించింది. "నేరం మోపినోళ్ళను దీని మీద నిలబెడతారు. ధూమజంఘ దొర వదిలేద్దామనుకున్నోడికి సన్న సంకెల వేస్తారు. చంపుదామనుకున్నోడికి ఏనుగు సంకెల. ఆ బరువుకు పలక దిగుతాది, గద్దె వాలుతాది, దేవర తల ఊపుతాడు. మా అన్నను నిలబెట్టినప్పుడు చూసినా. అన్న పక్కకు దిగినాక దేవర మళ్ళీ తల ఎత్తినాడు, ఏమీ ఎరగనట్టు."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పేది? విన్నోడు ముందు పోయి నా పేరు చెప్పి తాను మంచోడవుతాడు." ఆమె ఒక బండరాయిని అతని వైపు దొర్లించింది. "పలక కింద ఇది పెట్టు. దిగదు. తల వంగదు. నీ ముసలాయన బతుకుతాడు. కానీ యువరాజా..."

"నేనెవరో నీకెలా తెలుసు?" అన్నాడు కేయూరుడు. ఇప్పుడు కత్తి బయటికే వచ్చింది.

ఆమె నోరు తెరిచింది. జవాబు మాత్రం ఆమె నోటి నుంచి రాలేదు. దుంగల సందులో నుంచి ఇత్తడి గొంతు "యువరాజా, యువరాజా" అంటూ రెక్కలు టకటకలాడించుకుంటూ పైకి లేచిపోయింది.

ఆ వెంటనే వాకిలి దగ్గర పొగ కమ్మింది. ధూమజంఘుడికి మోకాళ్ళ కింద కాళ్ళుండవు, పొగ ఉంటుంది. నడవడు, నేల మీద జారుతూ వస్తాడు. వాడి వెనక ఈటెలు మెరిశాయి.

"బయటికి రా బిడ్డా. దుమ్ములో కూర్చుంటే రాచబట్టలు మాసిపోవూ," అన్నాడు తియ్యగా.

అమ్మేసింది అనుకున్నాడు కేయూరుడు. వకుళ వైపు చూస్తే ఆమె అక్కడ లేదు. బండరాయి పలకకు జానెడు దూరంలో ఉంది. దాన్ని తోసే లోపు ఈటె భుజం పక్కనుంచి దూసుకుపోయి దుంగలో దిగబడింది. అంతే, రాయి అక్కడే వదిలేసి అతను అవతలి సందులో నుంచి పాకి లేచాడు. ఎదురొచ్చిన భటుడి కడుపులో తలతో గుద్దాడు, దీపాల నూనె గంగాళాన్ని వెనక్కి దొర్లించాడు. తరుముకొచ్చిన వాళ్ళు నూనెలో జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. సెమ్మె ఎక్కి కప్పు మీదికి దూకాడు. కంచు రేకులు ఎండకు పెనంలా కాలుతున్నాయి. అరికాళ్ళు బొబ్బలెక్కుతున్నా ఆగలేదు. పిట్టలు వెంటపడి "యువరాజా" అని కూస్తూనే ఉన్నాయి. ఒకదాన్ని కత్తితో నరికితే అది రెండు ముక్కలై, రెండూ కూశాయి. చివరి కప్పు నుంచి గాజులంగడి గుడారం మీదికి దూకి, గుడారంతో సహా ముంగిట్లో జనం నడుమ పడ్డాడు. లేచి చూస్తే సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు.

బయ్యన్నను తెచ్చేశారు.

ఏనుగు సంకెల మెడ నుంచి మడమల దాకా చుట్టారు. బావిలో ఉండి ఉండి గడ్డం బూజు పట్టినట్టుంది. కళ్ళు మాత్రం కొండ మీద వాన కోసం చూసే కళ్ళే. ధూమజంఘుడు చెయ్యెత్తితే ఊరంతా ఊరుకుంది.

"ముసలోడా, ఈ ఊరి మీద ఏమి కూసినావో దేవర ముందు ఇంకోసారి చెప్పు."

"చెప్తా," అన్నాడు బయ్యన్న. గొంతు పెద్దది కాదు, అయినా చివరి వరస దాకా పోయింది. "మొగుడు పోయిన మునెమ్మ పొలం గట్టు జరిపినారు. తండ్రి లేని పిల్లోళ్ళ గింజలు దొంగ కుంచంతో కొలిచినారు. ఆ డబ్బుతో ఈయప్పకు కిరీటం పెట్టినారు. ఆకాశం పరిచినోడు కిరీటం అడగలేదు. కుంచం సరిగ్గా ఉండాదా అని అడగమన్నాడు. మీరేమో కాళ్ళకు మేకులు కొట్టిన దేవుణ్ణి పెట్టుకున్నారు. మీ కొంపకు అగ్గి పడితే ఈయప్ప లేచి వస్తాడా? ఈయప్పకే అగ్గి పడితే మీరే మోసుకుపోవాల. మేకులు కొట్టినాక అదీ కుదరదే."

ఎవడో కిసుక్కున నవ్వి, భయపడి దగ్గాడు.

"తీర్పు చెప్పడానికి నువ్వెవడివి?" అన్నాడు మాంత్రికుడు.

"నేను చెప్పేవాణ్ణి కాదు. ఆయన మాట మోసుకొచ్చినోణ్ణి."

"పలక ఎక్కించండి."

కేయూరుడు జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. అందుకోలేకపోయాడు. ముసలి పాదం పలక మీద పడింది. సంకెల గలగలమంది. పలక దిగింది, గద్దె మూలిగింది, అచలదేవర మెల్లగా తల వంచాడు.

"వంచినాడు," అన్నారు జనం ఒక్క గొంతుతో.

దేవర ఇంకా వంచుతూనే ఉన్నాడు. నడుము దాకా వంగాడు. దుంగల్లో పటపటమని చప్పుడు మొదలైంది. ఏళ్ళ తరబడి దిగిన మేకులు చెక్కను జల్లెడ చేశాయి, ఆ పొద్దు భయంతో కొట్టిన దొంగ మేకులు మిగిలిన నరాలు కూడా చీల్చేశాయి. ఏ ఇంటివాడు కొట్టిన మేకుతో చీలిందో ఎవడూ చెప్పలేడు. గద్దె రెండుగా విచ్చుకుంది. తాటిచెట్టంత దేవర, కెంపులు, ముత్యాలు, వెండి పెదవులతో సహా, ముఖం నేలకు కొట్టుకుంటూ పడ్డాడు. ఖాళీ లోహం కదా, ఊరు ఊరంతా గంటలా మోగింది. ధూమజంఘుడు కింద నలిగాడనుకుంటున్నారా, లేదు. పడేముందే నిలువునా పొగై, సెమ్మెల మీది పిట్టలన్నిటినీ వెంటేసుకుని ఉత్తరపు కొండల వైపు పోయాడు. వాడి సంగతి వేరే ఉంది.

దుమ్ము తగ్గింది. విరిగిన దేవర చెయ్యి ఒంపులో, గూట్లో దీపంలా, బయ్యన్న నిలబడి ఉన్నాడు. సంకెల తెగిపోయింది. ఒంటి మీద గీత లేదు.

కేయూరుడి ప్రాణం కుదుటపడింది. ఇక చెయ్యి పట్టుకుని తీసుకుపోవడమే అనుకున్నాడు. కానీ ఆ నిశ్శబ్దం అతనికి నచ్చలేదు. ఏడవాల్సిన జనం ఏడవడం లేదు. అందరూ ముసలాయన కాళ్ళ వైపు చూస్తున్నారు.

"ఈయనే," అన్నాడు ముందు వరసలో ఒక పెద్దాయన, నెమ్మదిగా. "అప్పుడు అలిగి పోయినోడు ఈయనే. మళ్ళీ వచ్చినాడు. మనం గుర్తు పట్టకపోతిమి."

"తప్పయిపోయింది సామీ."

"ఈసారి పోనియ్యం సామీ."

"నేను గొర్రెలు కాసేవాణ్ణి," అన్నాడు బయ్యన్న. "పక్కకు జరగండి. బావిలో కూర్చుని మోకాళ్ళు పట్టేసినాయి."

"చూసినారా," అంది ఒక ఆడమనిషి కళ్ళు తుడుచుకుంటూ. "మన నొప్పులన్నీ ఆయన పడతాండాడు."

పెద్దాయన సుత్తి తీశాడు. చెరొక చేయి పట్టుకుని ముసలాయనను ఒక దుంగ మీద ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఎవరో పాదాలు కడిగారు. ఎవరో ఉన్నవాటిలోకెల్లా సన్నటి మేకులు ఏరుతున్నారు.

"కాలు ఇట్లా చాపు సామీ. దేవుడికి నొప్పేముంటాది."

కత్తి దూస్తే ఎంతమందిని నరుకుతాడు? నరికితే దేవుడి కోసం చచ్చామని సంతోషిస్తారు కూడా. మాటలు చెబితే వినే చెవులు కావవి. కేయూరుడికి చెయ్యడానికి ఒక్కటే కనబడింది. అది చెయ్యరాని పనే, అయినా ఆగలేదు. గుంపును చీల్చుకుని పోయి, తనకు మేకపాలు పోసి పెంచిన మనిషి చెంప ఛెళ్ళుమనిపించాడు.

ముంగిలి ముంగిలంతా కొయ్యబారింది. బయ్యన్న పెదవి చిట్లింది. నెత్తురు గడ్డంలోకి కారింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముసలాయన తాను పెంచినవాడి ముఖంలోకి చూశాడు. అర్థమైంది. "ఇంకోటి ఎయ్యి అబ్బీ," అన్నాడు అతనికి మాత్రమే వినబడేట్టు. "వెనక వరస ఇంకా నమ్మలేదు."

రెండోది వేశాడు. ఆ దెబ్బకు ముసలాయన దుంగ మీది నుంచి పక్కకు ఒరిగి, చేతులు నేలకు ఆనించి, ఎంగిలీ నెత్తురూ కలిపి ఉమ్మాడు.

"మనిషే," అన్నాడు పెద్దాయన. వాడి గొంతులో ఎంత నిరాశ. సుత్తి దించాడు. మేకులు ఏరేవాళ్ళు ఒళ్ళో పోసుకున్నవి నేల మీద పారబోశారు.

కేయూరుడు ముసలాయనను చంకలో చెయ్యి వేసి లేపాడు. జనం దారి ఇచ్చారు. నడుస్తుంటే వీపు మీద ఏదో పాకినట్టుంది. వెనక్కి తిరిగాడు. ఇప్పుడు వాళ్ళు ముసలాయనను చూడడం లేదు. అతని కుడిచేతిని చూస్తున్నారు. దేవర చంపలేని మనిషిని ఏడిపించిన చెయ్యి.

ఎవరో వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నారు. వకుళ. అన్నను ఆ గద్దెకే పోగొట్టుకున్నది, ఈ ఊళ్ళో మెలకువగా ఉన్న ఒకే ఒక్క మనిషి. తన సంగతి బావిలోని బయ్యన్నే ఆమెకు చెప్పి ఉంటాడని ఇప్పుడు తోచి, అమ్మేసిందని ఆమెను అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

"దారి ఎటు?" అన్నాడు తొందరగా.

ఆమె చెయ్యి వదల్లేదు. లాగనూ లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

"వకుళా, లోపల ఖాళీ అని నీకు తెలుసు కదా. నువ్వే చూపించావు."

"అది ఖాళీ," అంది ఆమె. ఆమె ముఖంలో ఇంతకు ముందెన్నడూ లేని శాంతి ఉంది. "అందుకే ఇన్నేళ్ళు నీ కోసం చూసినా సామీ."

పొద్దుటి నుంచి ఆమెను అన్నిటికీ అనుమానించాడు కేయూరుడు, ఈ ఒక్కదానికి తప్ప. దూరంగా గవని తలుపులు దగ్గరికి పడి, అడ్డగడియ దిగిన చప్పుడు వినబడింది. వేలమంది ఒకరి వెనక ఒకరు మోకాళ్ళ మీదికి దిగుతున్నారు.

బయ్యన్న చిట్లిన పెదవి తుడుచుకుని, తన ముసలి చేతిని ఒకసారి ఎత్తి చూసుకున్నాడు.

"నన్నంటే నువ్వు కొట్టినావు," అన్నాడు దిగులుగా. "నిన్ను కొట్టేంత బలం ఈ చేతిలో లేదే అబ్బీ."

వాళ్ళను అట్లా ఆ మోకాళ్ళ నడుమ నిలబెట్టి నేను ఇక్కడ ఊపిరి తీసుకుంటాను. మీరు మాత్రం ఇది మరిచిపోవద్దు నాయనలారా. ముసలాయన కొట్టమన్న మాట, ఆ పిల్ల ముఖంలోని శాంతి, రెండూ పోగొట్టకుండా మనసులో పెట్టుకోండి. రేపు మీ దగ్గరికి ఎవరైనా వచ్చి కూర్చుంటే, వాళ్ళను కూడా ఇట్లాగే దగ్గరికి జరగమని, నేను చెప్పినట్టే చెప్పండి.